కేకు పిండిని పులియబెట్టిన క్రిస్మస్

క్రిస్మస్ కేకు కోసి పంచగానే ఒకామె "దీనికి చట్నీ యాడ?" అని అడిగిన పండగ ఒకటి మా కుటుంబంలో ఉంది. కేకుకు ఆ గతి పట్టించిన మహాతల్లిని నేనే. ఇన్నేళ్ళూ ఎవరైనా ఆ సంగతి ఎత్తితే పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచిపోయేదాన్ని. ఇప్పుడు మోకాళ్ళు లేవనివ్వడం లేదు కాబట్టి చెప్పేస్తున్నాను. నాకు చదువు సంతకం దాకానే. నేను నోటితో చెబుతుంటే ఇంకొకరు రాస్తున్నారు. ఇందులో తప్పులుంటే రాసినవాళ్ళవి కావు, చేసినదానివి.

మాది తిరువళ్ళూరు. మా ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్ పని చేసి, పట్టాల మీద ఎండా వానా తిని, తొందరగానే వెళ్ళిపోయాడు. ఆయన పోయాక ఇంటి అరుగు మీద ఇడ్లీ, దోసె పెట్టుకుని బతికాను. పొద్దున్నే రైలుకు పరిగెత్తే ఫ్యాక్టరీ వాళ్ళు నా అరుగు దగ్గర ఆగకుండా పోయేవాళ్ళు కాదు. అందుకే పిండి అంటే నాకు మహా గర్వం. గిన్నె మూత తీయకుండా, పక్కన నిలబడి ముక్కుతోనే చెప్పేదాన్ని, ఇది తెల్లారేసరికి పొంగుతుందా, పడుకుంటుందా అని. డాక్టరు నాడి చూస్తాడే, అట్లా. డాక్టరైనా ఒకోసారి తెలియదని ఒప్పుకుంటాడు. నేను ఒప్పుకునే రకం కాదు.

నా కూతురు మేరీ, అల్లుడు దేవదాసు ఇద్దరూ ఫ్యాక్టరీ పనికి రైల్లో పోయి వచ్చేవాళ్ళు. వాళ్ళ పిల్లలు పగలంతా నా దగ్గరే. పెద్దది లిల్లీ, అప్పటికి పన్నెండేళ్ళు. చిన్నది సారా, ఆరేళ్ళు. పండగకు మా ఇంట్లో కజ్జికాయలు, మురుకులు, అచ్చుతో వేసే గులాబీ పువ్వులు చేసేవాళ్ళం. కేకు మాత్రం మా ఇంటి సరుకు కాదు. అది తిరుత్తణిది.

తిరుత్తణిలో మా అల్లుడి తల్లి సుందరమ్మ ఉండేది. ముప్పై ఏళ్ళు మిషన్ దొరసాని ఇంట్లో వంట చేసిన మనిషి. క్రిస్మస్ రోజు మా చర్చి గుళ్ళో ఆరాధన కాగానే మేమంతా రైలెక్కి తిరుత్తణి పోవాలి. అక్కడ సుందరమ్మ కేకు కోసి, తన చేత్తోనే ఒక్కొక్కరి నోట్లో ముక్క పెట్టేది. ఆ ముక్క నోట్లో పడితేనే మా కుటుంబానికి పండగ వచ్చినట్టు. నల్లగా మాడ్చిన చక్కెర, పళ్ళిపట్టు నుంచి తెప్పించిన వెన్న, ఎండు ద్రాక్ష. నాకైతే ఆ కేకు తింటున్నంతసేపూ అసూయే. అసూయతో తిన్నా అది తియ్యగానే ఉండేది, అదీ నా బాధ.

ఆ ఏడాది సుందరమ్మకు కుడిచెయ్యి పడిపోయింది. ఇంక పిండి గిలక్కొట్టలేదు. దసరా సెలవులకు లిల్లీని పిలిపించుకుని, పక్కన కూర్చోబెట్టుకుని, కొలతలన్నీ నోటు పుస్తకంలో రాయించింది. ఆరుగురు మనవళ్ళు, మనవరాళ్ళు ఉన్నారామెకు. అందరి ముందూ చెప్పింది:

"ఈతూరి కేకు లిల్లీ చేసుకొని వస్తాది. బాగా కుదిరిందంటే ఇంక ప్రతి ఏడాదీ ఈ ఇంటి కేకు దానిదే. నా చెయ్యి దానికిచ్చేసినట్లే."

లిల్లీ ఆ మాట పట్టుకుని మూడు నెలలు నేల మీద నడవలేదు. నిద్రలో కూడా "ఆరు గుడ్లు, రెండు గ్లాసుల మైదా" అని గొణిగేది. నేనేమో, నా మనవరాలిని ఎంచుకున్నారని గర్వపడాలా, దానికి నేర్పింది నేను కాదే అని ఏడవాలా తెలియక, రెండూ చేశాను.

పండగకు రెండు రోజుల ముందు మధ్యాహ్నం, కూతురూ అల్లుడూ పనికి పోయాక, లిల్లీ కేకు పిండి మొదలుపెట్టింది. సారాకు మైదా జల్లెడ పట్టే పని, ఎండు ద్రాక్ష ఏరే పని. ఏరినవాటిలో సగం గిన్నెలో, సగం నోట్లో.

"మే సారా, నోరు తెరువు."

"నేనేం తినలేదక్కా."

"అయితే మాట్లాడు."

సారా మాట్లాడింది. మాటతో పాటు రెండు ద్రాక్షలు బయటికొచ్చాయి.

నేను గడప మీద కూర్చుని చూస్తున్నాను. చూస్తూ ఊరుకోవచ్చు కదా! అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడక్కపోయినా పెట్టే రకం, సలహా మాత్రం.

"చేత్తో కలపమే. గరిటెతో కలిపితే పిండికి ప్రాణమొస్తాదా?"

"గరిటెతోనే కలపమనింది తిరుత్తణి అవ్వ. ఒకే పక్కకు తిప్పాలంట."

"ఒకే పక్కకా! అదేం పిండా, గానుగెద్దా?"

"నువ్వు ఊరుకో అవ్వా. లెక్క తప్పి పోతాది."

"చిటికెడు ఉప్పన్నా వేసినావా?"

"పుస్తకంలో లేదు. వొద్దు."

పిండి కలపడం అయింది. డబ్బాలో పోసి మూత పెట్టింది. అప్పట్లో మా వైపు ఇళ్ళలో కేకు కాల్చే పొయ్యి ఎవరికి ఉంది? బజారులో ఒక భాయి రొట్టెల బట్టీ పెట్టుకుని ఉండేవాడు. పొద్దుటి రొట్టెలు కాల్చడం అయ్యాక, వేడి ఇంకా మిగిలి ఉండగా, వీధిలో క్రైస్తవుల ఇళ్ళ కేకు డబ్బాలు అందులో పెట్టి కాల్చి ఇచ్చేవాడు. లిల్లీకి, సారాకు గుళ్ళో క్రిస్మస్ నాటకం ప్రాక్టీసు ఉంది. లిల్లీ దేవదూత, సారా గొర్రె. వెళుతూ వెళుతూ దేవదూత నాకు ఆజ్ఞ ఇచ్చింది:

"అవ్వా, మూడింటికంతా భాయి దగ్గరికి తీసకపో. పిండి ఆగకూడదు. మరిచిపోతావా?"

"పిండి సంగతి నాకా చెప్పేది? పో పో, రెక్కలు తగిలించుకో."

వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో, నేను డబ్బా మూత తీశాను.

చూస్తే మీరైనా భయపడేవాళ్ళు. పిండి చచ్చినట్టు పడుకుని ఉంది! ఒక్క బుడగ లేదు. ఒక్క పొంగు లేదు. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. తీపి తప్ప ఇంకే రుచీ లేదు. చెవి పెట్టి విన్నాను కూడా. పులిసే పిండి సన్నగా చిటపటమంటుంది, ఇడ్లీ అమ్మినవాళ్ళకు తెలుసు. ఇది మూగది.

పులవని పిండిని పొయ్యెక్కించే ఆడది నా దృష్టిలో అప్పటికి పుట్టలేదు. పాపం బిడ్డ! దసరా నుంచి కలలు కంటోంది. దీన్ని ఇట్లాగే కాల్చి తిరుత్తణి తీసుకుపోతే రాయిలా ఉంటుంది, ఆరుగురిలో దాని పరువేం కాను? దొరసాని ఇంట్లో చలిదేశం పద్ధతి నేర్చుకున్న సుందరమ్మ ఈ ముఖ్యమైన సంగతి చెప్పడం మరిచిపోయి ఉంటుంది. లేక, ఇంకో అనుమానం కూడా వచ్చింది, సిగ్గుపడుతూ చెబుతున్నాను, కావాలనే చెప్పలేదేమో!

అన్నీ తెలిసినవాడు అమావాస్య నాడు చచ్చాడంటారు. నేను క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, మిట్టమధ్యాహ్నం చచ్చాను.

కుండలో పొద్దుటి దోసె పిండి మిగిలి ఉంది, మంచి పులుపు మీద. ఒక గరిటె తీసి కేకు పిండిలో వేశాను. గరిటె చిన్నదనిపించింది, ఇంకొకటి వేశాను. ఉప్పు లేనిదే పిండి పొంగదు కదా, గుప్పెడు ఉప్పు వేశాను. మోచేతి దాకా చెయ్యి పెట్టి, లిల్లీ ఒకే పక్కకు తిప్పినదాన్ని నేను రెండు పక్కలా తిప్పి, పెద్ద గిన్నెలోకి మార్చి, మా ఆయన రైల్వే కంబళి కప్పి, పొయ్యి పక్కన వెచ్చగా పెట్టాను. బాలింతకు కూడా అంత సేవ చేసి ఉండను.

సాయంత్రం పిల్లలు వచ్చారు.

"కేకు యాడ అవ్వా?"

"భాయి బట్టీలో జాగా లేదంట కణ్ణు, నా బంగారు. రేపు పొద్దున్నే తెమ్మన్నాడు."

భాయి మొహం కూడా చూడలేదు నేను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే, నాకే నిజంగా బజారు దాకా పోయి వచ్చినట్టు కాళ్ళు నొప్పి పుట్టాయి.

"అయ్యో! పిండి చెడిపోదా?"

"నా ఇంట్లో పిండి చెడిపోయిందని ఈ వీధిలో ఎవురన్నా అన్నారా? మూత తీసి చూడొద్దు, గాలి తగిలితే దోషం."

లిల్లీ నమ్మింది. అవ్వ చెప్పాక నమ్మదా మరి?

తెల్లారి లేచి చూస్తే కంబళి పైకి లేచి ఉంది. నిజం, లోపల పిల్లోడు కూర్చున్నట్టు లేచింది. పిండి మూతను నెట్టి, గిన్నె అంచు దాటి, పొయ్యి గట్టు మీద నడుస్తోంది. నాకెంత ఆనందం! పిల్లలు లేవకముందే పాత డబ్బాలో పట్టక ఇంకో పెద్ద డబ్బాలో నింపి, బజారుకు పరిగెత్తాను.

భాయి మూత తీసి, మొహం వెనక్కి లాక్కున్నాడు.

"అమ్మా, ఇదేంది? కేకా, ఊతప్పమా? ఊపిరి తీస్తా ఉండాది!"

"ప్రాణముండే పిండి భాయి. ఊపిరి తియ్యకుండా ఎట్లుంటాది?"

"ఇరవై ఏండ్లుగా కేకులు కాలస్తా ఉండాను, ఇట్లా వాసన..."

"నోరు మూసి బట్టీ తెరువు. నీకు రొట్టె తెలుసు, నాకు పిండి తెలుసు."

ఆయన రెండు చెవులూ పట్టుకుని, అల్లా పేరు తలుచుకుని, లోపల పెట్టాడు.

చూడ్డానికి మాత్రం ఆ కేకు, ఏం చెప్పను, గుడి గోపురమే! జానెడెత్తు లేచి, బంగారు రంగు తిరిగింది. లిల్లీ దాన్ని చూసి గంతులేసింది. "ఇంతెత్తు! తిరుత్తణి అవ్వ కేకు కూడా ఇంతెత్తు రాలేదవ్వా!" అని నా నడుము పట్టుకుని తిప్పింది. ఆ కౌగిలిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది. దొంగిలించిన గాజు తొడుక్కున్నట్టు ఉంటుంది.

సారా మాత్రం ముక్కు చిట్లించింది.

"దోసె వాసన వస్తా ఉండాది."

"మనది దోసెలిల్లు. నీ జడలో కూడా అదే వాసన. పో, తల దువ్వుకో."

పండగ రోజు రైల్లో తిరుత్తణి దాకా లిల్లీ ఆ డబ్బాను ఒళ్ళోనే పెట్టుకుంది. తండ్రి అడిగినా ఇవ్వలేదు. కిటికీ పక్కన సీటు ఖాళీ అయినా జరగలేదు, కుదుపుకు కేకు విరుగుతుందని.

సుందరమ్మ మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇల్లంతా జనం. ప్రార్థన అయింది. లిల్లీ కొత్త గౌను సర్దుకుని కేకు కోసింది. కోసిన ముక్క నిండా తేనెపట్టులా చిల్లులు. "అబ్బా, ఎంత మెత్తగా పొంగిందో!" అన్నారు అందరూ. లిల్లీ మొదటి ముక్క సుందరమ్మ నోట్లో పెట్టి, తర్వాత వరసగా అందరికీ పెట్టింది. నాకూ పెట్టింది.

ఉప్పు. పులుపు. మధ్యలో ఎక్కడో దారి తప్పిన తీపి. ఎండు ద్రాక్ష ఒకటి తగిలింది, చింతపండు పులుసులో తేలిన ఈగలా.

నమిలేవాళ్ళు నమలడం ఆపారు. సుందరమ్మ పెద్దకోడలు జయ మింగి, గొంతు సవరించుకుని అడిగింది:

"దీనికి చట్నీ యాడ?"

అంతే, ఇల్లు ఎగిరిపోయేట్టు నవ్వులు. ఒకడు సాంబారు అడిగాడు. ఒకడు కారప్పొడి అన్నాడు. లిల్లీ ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. అది నవ్వలేదు.

సుందరమ్మ మెల్లగా అడిగింది. "ఏమేమి వేసినావు కణ్ణు?"

లిల్లీ వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. గుడ్లు, మైదా, వెన్న, చక్కెర, సోడా, ద్రాక్ష. ఒక్కటీ తప్పు లేదు.

"ఉప్పు వేసినావా?"

"లేదవ్వా. వేయలేదు."

"ఉప్పుకీ చక్కెరకీ తేడా తెలీలేదు పాపకు!" జయ మళ్ళీ నవ్వింది. చెడ్డది కాదు జయ, నవ్వించే మనిషి. చెడ్డది ఎవరంటే, గోడకు ఆనుకుని నమిలే మనిషి.

లిల్లీ కళ్ళు నిండాయి. "నేనే తప్పు చేసుంటాను," అంది.

నేను నోరు తెరవాల్సింది అప్పుడు. నాలుగు మాటలు చాలు: "దోసె పిండి నేనేసినాను." కానీ నోట్లో ముక్క ఉంది కదా, ఎట్లా మాట్లాడేది, అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ ముక్కను పావుగంట నమిలాను. ఎద్దు కూడా అంతసేపు నెమరు వేయదు.

సుందరమ్మ నా వైపు ఒకసారి చూసింది. కాసేపు ఆగింది. తర్వాత చెప్పింది: "సరేలే. వచ్చే ఏడాది జయ కూతురు చేసి చూస్తాదిలే. ఏడవొద్దు తల్లీ."

తిరుగు రైల్లో లిల్లీ కిటికీ పక్కనే కూర్చుంది. ఒళ్ళో ఏమీ లేదు.

ఇంటికొచ్చాక అది నన్నేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. నోటు పుస్తకం ముందు పెట్టుకుని, చక్కెర డబ్బాలోంచి చిటికెడు, మైదా డబ్బాలోంచి చిటికెడు, సోడా పొట్లంలోంచి చిటికెడు, ఒక్కొక్కటే నాలుక మీద వేసుకుని చూసేది. ఎందులో ఉప్పు కలిసిందా అని. రోజూ. గ్లాసుతో నీళ్ళు కొలిచి, ఇంకో గ్లాసులో పోసి, రెండూ సమానమా అని చూసేది. చివరికి ఒకరోజు వాళ్ళమ్మతో అనడం విన్నాను: "నా చెయ్యే మంచిది కాదేమో అమ్మా."

ఆ మాట విన్న పొద్దున నేను పోసిన ఇడ్లీ ఒక్కటీ పొంగలేదు. పిండికి కూడా నా మొహం చూడ్డం ఇష్టం లేకపోయింది.

ఇంక ఒప్పుకోవాలనుకున్నాను. పిల్లతో చెప్పడానికి ధైర్యం చాలక, కొత్త సంవత్సరం దాటాక బస్సెక్కి తిరుత్తణి పోయాను. ఇంట్లో ఉన్న పిల్లను వదిలి, అంత దూరం పోయి ముసలిదానితో చెప్పడం నాకు సులువనిపించింది. చూశారా నా వీరత్వం!

"వదినా, ఆ కేకులో..."

"దోసె పిండి. రెండు గరిటెలు," అంది సుందరమ్మ.

నేను మంచం కోడు పట్టుకున్నాను.

"ముప్పై ఏండ్లు వంటింట్లో ఉండినాను మార్తమ్మా. దోసె పిండి వాసన తెలీదా నాకు?"

"మరి ఆ పొద్దే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావని కాచుకొన్నాను. నిన్ను చూసినాను కదా. నువ్వేమో నమలతా ఉండావు, నమలతానే ఉండావు. అంతమంది ముందర వియ్యపురాలి పరువు తీసేదెందుకని ఊరుకొన్నాను." పనిచేసే ఎడమచేత్తో పనిచేయని కుడిచేతిని ఒళ్ళోకి లాక్కుంది. "నీ పరువు కాపాడబోయి బిడ్డ పరువు తీసినాను. తప్పు నాది కూడా. ఈడ కూర్చొని నాతో ఏం చెప్తావు? పో. బిడ్డతో చెప్పు. కేకు మళ్ళా దానిదే అని కూడా చెప్పు."

వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చాను. లిల్లీ వాకిట్లో సారాకు జడ వేస్తోంది. కూర్చోకుండానే చెప్పేశాను. దోసె పిండి, ఉప్పు, కంబళి, భాయి మీద వేసిన అబద్ధం, అన్నీ. తిడుతుందనుకున్నాను. సారా ఎగిరి "నేను చెప్పినాను కదా దోసె వాసనని!" అంది. లిల్లీ జడ సగంలో ఆపి నా వైపు తిరిగింది.

"అవ్వా, ఆడనే చెప్పింటే అందరికన్నా ముందు నేనే నవ్వుండేదాన్ని."

అంతే అంది. మళ్ళీ సారా జడ అల్లసాగింది. తిట్టినా బాగుండేది.

కేకు మళ్ళీ లిల్లీకి వచ్చింది. కానీ ఆ ఏడాది వానల్లో సుందరమ్మ చనిపోయింది. పండగకు ఇంకా నెలన్నర ఉందనగా. ముప్పై ఏళ్ళు ఊరికి కేకు పెట్టిన మనిషి, తన చెయ్యి ఇచ్చిన మనవరాలి కేకు ఒక్కసారే తిన్నది. ఆ తిన్నదీ నా దోసె. నవ్వుతూ చెప్పుకొచ్చాను కానీ, ఈ ఒక్క ముక్క మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆ క్రిస్మస్‌కు లిల్లీ పిండి కలిపేటప్పుడు నన్ను చెయ్యి పట్టుకుని అరుగు మీదికి తీసుకొచ్చి, కూర్చోబెట్టి, లోపల గడియ పెట్టుకుంది. సారాను కిటికీ దగ్గర కాపలా పెట్టింది. కోపంతో కాదు. మందుల డబ్బా పిల్లలకు అందకుండా పైన పెడతాం చూడండి, అట్లా. కేకు అద్భుతంగా కుదిరింది. జయే మొదట మెచ్చుకుంది. సుందరమ్మ లేని మంచం వైపు ఎవరూ చూడలేదు, నేను తప్ప.

కాబట్టి ఇది వింటున్న, చదువుతున్న పెద్దలందరి ఎదుట, పోయిన నా భర్త రైల్వే కంబళి సాక్షిగా, మార్తమ్మ అనే నేను ప్రమాణం చేస్తున్నాను. ఇతరుల గిన్నె మీద మూత నేను తీయను. తీసినా చెయ్యి పెట్టను. చెయ్యి పెట్టినా ఆ పూటే ఒప్పుకుంటాను, పావుగంట నమలను.

ఇప్పుడు లిల్లీ తన కూతుళ్ళతో లోపల కేకు చేస్తోంది. కరెంటు పొయ్యి కొన్నారు, బట్టీకి పోయే పని లేదు. నేను బయట కుర్చీలో ఉన్నాను. ఇక్కడి నుంచి చూస్తే ఆ చిన్నపిల్ల పిండి మరీ పల్చగా కలుపుతున్నట్టుంది. ఇంకో గుప్పెడు మైదా పడితే...

లేదు. నేను లేవడం లేదు. ఇదిగో, కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాను, చూడండి.